మేక బొమ్మ మీద తెల్ల రంగు

ఆదివారం పొద్దున్నే ఆ ఇంట్లో ఒకరు గడప దాటడానికి తొందరపడుతుంటే ఇంకొకరు పేపరు వెనకాల దాక్కోవడం చాలాకాలంగా అలవాటైపోయింది. తొందరపడేది తల్లి. దాక్కునేది తండ్రి. ఇద్దరి మధ్యా నలిగేది కూతురు. వారమంతా ఆసుపత్రి ల్యాబులో జనానికి సూదులు గుచ్చి అలిసిపోయినా, ఆదివారం నిద్రకి నోచుకోని ప్రాణం ఆమెదే.

"గొడుగు తీసుకున్నావా? నీళ్ళ సీసా?" అంటూనే తల్లి చెప్పులు వేసేసుకుంది. "త్వరగా కానీవే. ఎండెక్కితే రంగులన్నీ వెలవెలబోతాయి."

"గోడలెక్కడికీ పారిపోవులేమ్మా. టీ అయినా తాగనీ."

"గోడలు పారిపోవు, బొమ్మలు పోతాయి. పోయినవారం స్టేషను పక్కన చూసిన చేప ఈవారం ఉంటుందని ఏమిటి నమ్మకం?"

పేపరు వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. "ఆదివారం ఎవరైనా చుట్టాలిళ్ళకి వెళ్తారు. మా ఇంట్లోవాళ్ళు గోడల్ని పలకరించడానికి వెళ్తారు."

"చుట్టాలకన్నా గోడలే నయం. అడగని సలహాలివ్వవు. రోజూ మీ బస్సు ఆ గోదాము ముందునుంచే కదా వెళ్ళేది? ఒక్కసారన్నా తలతిప్పి చూశారా?"

"నేను రోడ్డు చూస్తాను. గోడలు చూస్తూ నడిపితే బస్సులోవాళ్ళ ఇళ్ళల్లో ఏడుపులే."

తల్లి గొడుగుని నేలకేసి గట్టిగా కొట్టి బయటికి నడిచింది.

తండ్రి సిటీ బస్సు డ్రైవరు. యూనిఫాం మడత నలగనివ్వడు, మాట పడనివ్వడు. అలాంటి మనిషి పనిచేసే డిపో గోడమీద ఆయన కొడుకే ఒక మేకని గీశాడు. ఆ మేక డ్రైవరు టోపీ పెట్టుకుని బస్సు నడుపుతోంది. టోపీ ఒక పక్కకి వాలి ఉండటం చూసి డిపో అంతా ఒకే మనిషిని గుర్తుపట్టింది. నవ్వినవాళ్ళు నవ్వారు. పై అధికారి పిలిచి చీవాట్లు పెట్టాడు. అంతమంది ముందు తండ్రి కొడుకు చెంప పగలగొట్టాడు.

"ఇంకోసారి రంగు డబ్బా పట్టుకున్నావంటే నా కొడుకు చచ్చాడనుకుంటాను!"

కోపంలో కన్నవాళ్ళు ఇలాంటి మాటలు అంటూనే ఉంటారు. సాయంత్రానికి అన్నం దగ్గర అన్నీ మరిచిపోతారు. కానీ ఆ కుర్రాడు "సరే, అనుకో" అన్నాడు. సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు అక్కకి ఫోను చేసేవాడు, ఊళ్ళోనే ఎక్కడెక్కడో గోడలమీద మేకలు కనిపించేవి. తర్వాత వేరే ఊరికి వెళ్తున్నానన్నాడు. ఆపైన ఆ నంబరు పనిచెయ్యలేదు. కొత్త మేకలూ రాలేదు.

మిగిలిన మేకల్ని వెతుక్కుంటూ తల్లి ఊరంతా తిరగడం మొదలుపెట్టింది. మొదట్లో కొడుకు బొమ్మలే చూసేది. తిరగ్గా తిరగ్గా మిగతావాళ్ళ బొమ్మలూ కంటికి ఆనాయి. ఆమెది బట్టలు సరిచేసే దుకాణం. ఏ కుట్టు ఎక్కడ తడబడిందో దూరంనుంచే చెప్పే కన్ను. ఆ కన్ను ఇప్పుడు గోడల మీద పడింది.

"ఇదిగో, ఈ గీత చూడు. ఒకే ఊపులో లాగాడు. చెయ్యి ఆగితే అక్కడ రంగు కారిపోయేది," అంటుంది వంతెన కింద నిలబడి. ఎవరి పేర్లూ తెలియవు గనక తనే పేర్లు పెట్టుకుంది. దిండ్లలాంటి అక్షరాలు రాసేవాడు బొద్దబ్బాయి. దుకాణాలు మూసేశాక మాత్రమే కనపడేలా షట్టర్ల మీద చేపలు వేసేవాడు బెస్తాయన. ఎక్కడ చూసినా చేతులే గీసే పిల్ల చేతులమ్మాయి. గోడ పగిలిన చోట ఆ పగులునే ముసలమ్మ నవ్వుగా మార్చిన బొమ్మ ముందు ఆమె ఎంతసేపైనా నిలబడిపోయేది. ఆ కాసేపూ దిగులు మరిచిపోయేది. అందుకే కూతురు నిద్ర మానుకుని మరీ వెంట వచ్చేది.

చివరికి ఎప్పుడూ గోదాము దగ్గరికే చేరేవారు. అక్కడి పొడుగాటి గోడంతా బొమ్మలే. ఒకరి బొమ్మ మీద ఒకరు, దానిమీద ఇంకొకరు, పొరలు పొరలుగా. ఊళ్ళో మిగతా మేకలన్నీ సున్నాల కిందా పోస్టర్ల కిందా పోయినా, ఈ గోడ మధ్యలో ఒక్క మేక మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. కిటికీ అంచున నాలుగు కాళ్ళూ దగ్గరపెట్టి నిలబడి, గోడమీది నిజం గొట్టాన్నే గడ్డిపోచలా నములుతోంది.

"చూశావా?" తల్లి మొహం వెలిగిపోయింది. "చుట్టూ ఎన్నిసార్లు మారిపోయినా మన చిన్నోడి బొమ్మ జోలికి ఒక్కడూ రాలేదు. వాడి చేతికి అంత గౌరవం ఇస్తున్నారే!"

ఎదురుగా తాళాల కొట్టాయన పలకరిస్తే ఆ సంబరం చెప్పుకోవడానికి అటు వెళ్ళింది. గోడ చివర నిచ్చెన మీద ఒకమ్మాయి రంగు వేస్తోంది. సగం అయిన అరచెయ్యి చూసి, ఈమే చేతులమ్మాయని కూతురికి అర్థమైంది.

"ఒక మాట అడగనా? ఆ మేక మీద ఎవరూ వెయ్యరెందుకు?"

ఆ అమ్మాయి మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. "అది మేం ముట్టుకోమండీ. పోయినవాళ్ళ బొమ్మ మీద రంగు వెయ్యకూడదు. మాలో అదొక కట్టుబాటు."

"పోయినవాళ్ళా?"

"పక్క ఊళ్ళో వంతెన మీద బొమ్మేస్తూ జారిపడిపోయాడట. అందరూ అదే అన్నారు. తర్వాత అతని కొత్త మేక ఎక్కడా కనపడలేదు మరి. బతికున్నవాళ్ళ బొమ్మలైతే చెరిపేస్తూనే ఉంటాం. వాళ్ళొచ్చి మమ్మల్ని తిట్టి మళ్ళీ వేసుకుంటారు. అదో సరదా. మీకు తెలిసినవాడా?"

కూతురు చటుక్కున వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు అవతల అమ్మ ఆ కొట్టాయనకి మేకని చూపించి గర్వంగా నవ్వుతోంది.

ఇంటికొచ్చాక, తల్లి దుకాణం వైపు వెళ్ళడం చూసి తండ్రికి చెప్పింది. ఆయన బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నాడు. విన్నాక కూడా అదే బూటుని అలాగే రుద్దుతూ ఉండిపోయాడు.

"అందరూ అలాగే అనుకుంటున్నారా?"

"అలాగే అంది నాన్నా."

"మీ అమ్మకి చెప్పకు."

అంతే. కొడుకు ఉన్నాడో లేడో అన్న సంగతి విని ఈయన ఇంకొక్క మాట కూడా అడగలేదేమిటని కూతురికి ఒళ్ళు మండింది. మర్నాటినుంచి ఆయన డ్యూటీకి సెలవు పెట్టి ఎటో వెళ్ళి వస్తున్నాడు. ఎక్కడికని అడిగితే "పనుంది" అన్నాడు. కూతురు పళ్ళు కొరుక్కుంది. అమ్మకి చెప్పలేకా, దాచలేకా నోట్లో నీళ్ళు నములుతూ తిరిగింది.

ఆ వారం మధ్యలో ఒకరోజు పొద్దున తాళాల కొట్టాయన ఫోను చేశాడు. తల్లే ఎత్తింది.

"అమ్మా, మీరు తొందరగా రావాలి. మీ అబ్బాయి బొమ్మ మీద ఎవరో తెల్ల రంగు పోసేస్తున్నాడు. చెబితే వినడం లేదు. పెద్దమనిషిలాగే ఉన్నాడు!"

తల్లీకూతుళ్ళు పరుగులాంటి నడకతో వెళ్ళేసరికి గోడ ముందు జనం మూగారు. నిచ్చెన మీద తండ్రి. చేతిలో రోలరు, నెత్తిన పక్కకి వాలిన టోపీ, చొక్కా నిండా తెల్ల చుక్కలు. మేక వెనకకాళ్ళు, నడుము అప్పటికే లేవు. చేతులమ్మాయి నిచ్చెన పట్టుకుని "దిగండి ముందు! మనిషేనా మీరు? పోయినవాడి బొమ్మండీ అది!" అని అరుస్తోంది.

ఆ మాట తల్లి చెవిన పడలేదు. ఆమె కళ్ళకి మొగుడు తప్ప ఇంకేమీ కనపడలేదు.

"దిగండి!" అని ఆయన కాలు పట్టి లాగింది. ఆయన తూలి దిగాడు. ఆ ఛాతీ మీద రెండు చేతులతో కొట్టింది. "ఇంట్లోంచి గెంటేశారు, సరిపోలేదా? వాడు నాకు మిగిల్చిన బొమ్మ ఇదొక్కటే! ఇదీ మీ కంట్లో నలుసయిందా? ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఉన్నానండీ. ఎప్పుడైనా మనసు కరగకపోతుందా అనుకున్నాను. మీకసలు మనసుంటే కదా!"

"అమ్మా, ఆగు..." కూతురు మధ్యలోకి రాబోయింది.

"నువ్వుండు! ఊళ్ళో ముక్కూమొహం తెలియని పిల్లలు వాడి చేతికి దణ్ణం పెట్టి పక్కకి తప్పుకున్నారు. కన్నతండ్రి మాత్రం..."

"గౌరవం కాదే అది," అన్నాడాయన. "అది గౌరవం కాదు. చచ్చినవాళ్ళ బొమ్మల్ని వీళ్ళు ముట్టుకోరు. నీ కొడుకు చచ్చాడనుకుని వదిలేశారు."

తల్లి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. చేతులమ్మాయి వైపు చూసింది. ఆ అమ్మాయికి ఇప్పుడు అంతా అర్థమై తలదించుకుంది. కూతురి వైపు చూసింది. కూతురూ తలదించుకుంది. ఇన్ని ఆదివారాలు తాను మురిసిపోయింది దేన్ని చూసో తెలిసేసరికి ఆ తల్లి ఫుట్‌పాత్ అంచున కూలబడిపోయింది.

"నిజమా?" అంది. "నిజంగా లేడా?"

"తెలీదు." ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఆ ఊరు వెళ్ళాను. వంతెన కింద అడిగాను. ఎవరో కుర్రాడు పడ్డాడన్నారు. ఆసుపత్రిలో చూపించుకుని వెళ్ళిపోయాడని ఒకడంటాడు, లేదు పోయాడని ఇంకొకడంటాడు. ఆసుపత్రిలో ఏ సంగతీ తేల్చి చెప్పలేదు. రోజూ బస్సులోంచి ఈ మేకని చూస్తూనే ఉన్నానే. చూడకుండా ఎలా వెళ్తాను? నిన్న ఆ ఊరునుంచి తిరిగొస్తూ కూడా చూశాను. చుట్టూ అన్నీ మారుతున్నాయి, ఇదొక్కటీ సమాధిలా అలాగే ఉంది. చచ్చాడనుకుంటానని నోరు పారేసుకున్నది నేనే. ఆ మాటే ఇప్పుడు ఊరంతా అనుకుంటోంది. నా కొడుకు చచ్చాడని తెలియకుండా ఎవరూ వాడికి సమాధి కట్టడానికి వీల్లేదు. బతికుంటే వాడే వచ్చి నా గొంతు పట్టుకుంటాడు. పట్టుకోనీ."

తల్లి ఏడవలేదు. లేచి, కిందపడ్డ రోలరు తీసుకుంది. నిచ్చెన ఎక్కడం ఆమెకి చేతకాదు. కూతురు ఒకవైపు, చేతులమ్మాయి ఒకవైపు పట్టుకుంటే ఎక్కింది. గొట్టం నములుతున్న ఆ మూతి దగ్గర ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఆగినచోట తెల్ల రంగు కారింది. కారనిచ్చి, మిగిలిన తలంతా తనే పూసేసింది.

చేతులమ్మాయి ఫోను తీసింది. "ఇది అందరికీ పెడతానండీ. మావాళ్ళు మిమ్మల్ని నానా మాటలూ అంటారు."

"మొహం స్పష్టంగా కనపడేలా తియ్యమ్మా," అన్నాడు తండ్రి. "ఎంత తిడితే అంత మంచిది."

తిట్లకేమీ లోటు రాలేదు. ఎవరెవరో, ఏ ఊళ్ళవాళ్ళో, ఆ తెల్ల గోడనీ ఆ టోపీ మనిషినీ ఫోన్లలో పంచుకుని దుమ్మెత్తిపోశారు. కూతురు అవన్నీ చదువుతూ, వాటిల్లో తమ్ముడి తిట్టు ఉందేమోనని వెతికింది. తల్లి కుట్టు మెషీను ముందు కూర్చుని కుట్టిందే విప్పి మళ్ళీ కుట్టేది. తండ్రి డ్యూటీకి వెళ్ళొచ్చేవాడు. రాగానే కూతురి మొహంలోకి చూసి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవాడు. తప్పు చేశామేమోనన్న భయం ముగ్గురికీ ఉంది. వాడు లేకపోతే, ఆ ఉన్న ఒక్క బొమ్మనీ తమ చేతులతో తామే చెరిపేసుకున్నట్టే.

ఒక సాయంత్రం తండ్రి ఇంకా యూనిఫాం విప్పకముందే కూతురి ఫోను మోగింది. తెలియని నంబరు.

"అక్కా, ఆయనకి మతి పోయిందా?"

పలకరింపూ లేదు, ఏమీ లేదు. కూతురు గోడ పట్టుకుంది. రెండో చేత్తో స్పీకరు నొక్కింది.

"మూడ్రోజులు తిండి మానేసి వేశాను దాన్ని! నిచ్చెన కొనడానికి కూడా లేక డ్రమ్ముల మీదెక్కి వేశాను. ఇప్పుడు చెయ్యి సరిగ్గా పనిచెయ్యట్లేదక్కా. ఆ వంతెన మీంచి పడి మణికట్టు విరిగింది. గీత వణుకుతోంది. మళ్ళీ అలాంటి మేకని వెయ్యలేను నేను. ఆ ఒక్కటన్నా ఉందిలే అనుకుంటూ బతుకుతున్నా. దాన్ని కూడా ఉండనివ్వడా ఆయన?"

మెషీను ఆగింది. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తండ్రి రెండు చేతులతో ఫోను అందుకున్నాడు.

"నేనేరా. నేనే పూశాను."

ఆయన ఫోనుని మొహానికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు.

"నువ్వు పోయావని వదిలేశార్రా దాన్ని. పోయినవాళ్ళవి చెరపరటగా. నేనన్న మాటే... అలా గోడమీద..." అన్నాడాయన. "మంచి బొమ్మరా. చాలా మంచి బొమ్మ. రోజూ చూసేవాణ్ణి. పాడుచేశాను."

"ఎప్పుడూ ఇంతే నువ్వు!" కొడుకు అరిచాడు. "అడగవు, చెప్పవు! కొట్టడమో, చెరిపెయ్యడమో! వేరే దారే దొరకదా నీకు? ఇంత చేతకానోణ్ణై ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు ఇంటికి? నీ గోడ, నీ డిపో, నీ పరువు..."

తిట్లు ఆగడం లేదు. మధ్యమధ్య వెక్కిళ్ళు వస్తున్నాయి. ఎవరి ముందూ మాట పడని ఆ మనిషి గోడకి ఆనుకుని మెల్లగా నేలమీద కూర్చున్నాడు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోలేదు.

"తిట్టు నాన్నా," అన్నాడు. "ఇంకా తిట్టు. ఫోను మాత్రం పెట్టెయ్యకు."

తల్లి వచ్చి ఆయన పక్కనే నేలమీద కూర్చుంది. కొడుకు తిట్లు ఒక్కటీ వదలకుండా విన్నది.