తొమ్మిదో స్టాండు వెనక తలుపు

మా ఎయిర్‌పోర్టులో తొమ్మిదో స్టాండుకి మంచి పేరు లేదు. విమానాలు అక్కడా ఆగుతాయి, ఆపక తప్పదు. కానీ చీకటి పడ్డాక వెనక తలుపు మెట్లెక్కమంటే మాత్రం మగాళ్ళు కూడా సిగరెట్టు వంక పెట్టి జారుకుంటారు. ఎక్కినవాళ్ళు చెప్పేది ఒకటే... తలుపు దగ్గర నిలబడితే వెనక నుంచి ఎవరో మెల్లగా అడుగుతారట — "మెట్లున్నాయా?" అని.

అడిగేది రౌదా అని అందరికీ తెలుసు.

పదకొండేళ్ళ కిందట రౌదా ఎయిర్ హోస్టెస్. ఆ సాయంత్రం విమానం రిపేరులో ఉంది. లోపల ఆమె ఒక్కతే సీట్ల కింద లైఫ్ జాకెట్లు సరిచూసుకుంటోంది. లోపల మనిషి ఉండగా మెట్లు కదపకూడదు. కదపాలంటే పైకెళ్ళి, చెప్పి, తలుపు మూయించాలి. మెట్ల బండి నడిపే ముంధిర్ అదేమీ చెయ్యలేదు. లాక్కుపోయాడు. దిగబోయిన రౌదా చీకట్లో... గాల్లోకి అడుగేసింది.

"మూడుసార్లు కేకేశాను సార్. ఫోన్లో మాట్లాడుకుంటూ వినిపించుకోలేదు" అన్నాడు విచారణలో. నమ్మారు. చచ్చిపోయిన మనిషి కాదనలేదు కదా. అప్పట్నుంచి కొత్తగా చేరిన అమ్మాయిలకి క్లాసులో రౌదా ఫోటో చూపించి చెప్పడం మొదలెట్టారు — అజాగ్రత్తగా ఉంటే గతి ఇదీ అని.

ఒక ఏడాది ఆ క్లాసులో నజీహా అనే అమ్మాయి కూర్చుంది. అందరితో పాటు నోట్సు రాసుకుంది. ఫోటోలో ఉన్నది తన అక్క అని ఎవరికీ చెప్పలేదు. తల్లి ఒకరే, తండ్రులు వేరు. ఇంటిపేర్లు కలవవు.

ఆ రాత్రి ఇంటికెళ్ళి అక్క పాత యూనిఫాం పెట్టెలోంచి తీసి ఇస్త్రీ చేసుకుంది. మూడేళ్ళు ఎదురుచూసింది.

రంజాన్ నెల వచ్చింది. తొమ్మిదో స్టాండులో ఒక విమానం రిపేరుకి ఆగింది. లోపలి సామాను సరిచూసే డ్యూటీ నజీహాది. ముంధిర్ ఇప్పుడు షిఫ్టుకే పెద్ద. పొద్దు గుంకింది. ఊళ్ళో ఉపవాసం విడిచే ఫిరంగి మోగింది. మెట్ల బండి నడిపే బషీర్ వెనక తలుపుకి మెట్లు ఆనించి, బ్రేకేసి, చక్రాల కింద అడ్డుచెక్కలు పెట్టి సూపు తాగడానికి పరుగెత్తాడు. మెకానిక్కులు కరెంటు తీసేసి వెళ్ళారు.

నజీహా బట్టలు మార్చుకుంది. నీలం కోటు, పాత పద్ధతి టోపీ. వాకీటాకీ నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"ముంధిరన్నా... వెనక తలుపు దగ్గర ఎవరో ఆడమనిషి ఉంది."

"ఆకలికి నీ కళ్ళు తిరుగుతున్నాయి. దిగొచ్చి ఖర్జూరం తిను, పో."

"నేను ముందు నుంచి దిగిపోయానన్నా. నువ్వే చూసుకో."

అవతల నవ్వులు. తర్వాత మెట్ల మీద బూట్ల చప్పుడు... బరువుగా, విసుగ్గా.

నజీహా వాకీటాకీ మీట నొక్కి, అది అలాగే నొక్కుకుని ఉండేలా రబ్బరు బ్యాండు బిగించి కోటు జేబులో వేసుకుంది. ఇక ఇక్కడి మాట ప్రతిదీ అక్కడ సూపు గిన్నెల ముందు కూర్చున్నవాళ్ళ చెవుల్లో పడుతుంది.

ముంధిర్ తలుపుకి అడ్డంగా కట్టిన పట్టీ విప్పి లోపలికొచ్చాడు. మళ్ళీ కట్టలేదు. ఆ అలవాటు అతనికి ఎప్పుడూ లేదు.

"ఎవరే అది?"

నజీహా నడవ చీకట్లోంచి రెండడుగులు వేసింది. బయటి దీపం వెలుగు టోపీ మీద పడింది.

"మెట్లున్నాయా?"

"ఉ... ఉన్నాయి."

"ఆ రోజూ ఉన్నాయనే అనుకున్నాను. మూడుసార్లు పిలిచావటగా. నాకు ఒక్కసారీ వినిపించలేదేం?"

ముంధిర్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "పిలవలేదు తల్లీ... ఒక్కసారి కూడా పిలవలేదు. టీవీలో మ్యాచి మొదలవుతోందని తొందరపడ్డాను. నీ చేతిలో ఫోనే లేదు... నేనే పుట్టించాను ఆ మాట."

చాలు. నజీహాకి కావలసింది అంతే. టార్చి వేసి, నేను దాని చెల్లెల్ని అని మొహం మీద చెప్పేసి, మెట్లు దిగిపోదామనుకుంది.

కానీ అతను తనవైపు చూడటం లేదు. తన భుజం పక్కగా... వెనక్కి చూస్తున్నాడు.

"మీరు... ఇద్దరా?" అన్నాడు.

నజీహా వెనక్కి తిరగలేకపోయింది. ముంధిర్ లేచి నిలబడ్డాడు, చేతులు అడ్డం పెట్టుకుంటూ వెనక్కి అడుగులేస్తున్నాడు. అప్పుడు చూసింది ఆమె. అతని వీపు వెనక, తలుపు బయట... మెట్ల రెయిలింగు లేదు. మెట్లే లేవు. లోతుగా, కింద సిమెంటు నేల.

నోరు తెరిచింది.

ముంధిర్ ఇంకో అడుగు వేశాడు.

చావలేదు. తుంటి ఎముకలు రెండూ విరిగాయి. గిన్నె చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చిన బషీర్, మెట్ల బండిని చూసి అక్కడే ఆగిపోయాడట. ముప్ఫై అడుగుల దూరంలో ఉంది. బ్రేకు వేసినట్టే ఉంది. అడ్డుచెక్కలు చక్రాల కిందే ఉన్నాయి.

రౌదా మీద పడిన నింద పోయింది. క్లాసులోంచి ఆ ఫోటో తీసేశారు. నజీహాని మాత్రం విచారణకి పిలిచారు.

"మెట్లు లేవని చూశానంటున్నావు" అన్నాడు విచారణాధికారి. "మనిషి పడిపోతుంటే ఎందుకు అరవలేదమ్మా?"

"గొంతు రాలేదు సార్."

"రాలేదా... రానివ్వలేదా?"

ఆ ప్రశ్న ఆమె రాత్రుళ్ళు తనకి తాను వేసుకుంటూనే ఉంది.

"వాకీటాకీ మాటలన్నీ ఇక్కడ రికార్డవుతాయి" అని ఆయన మీట నొక్కాడు. ముంధిర్ ఏడుపు వినిపించింది. "మీరు... ఇద్దరా?" వినిపించింది. బూట్లు ఈడ్చిన చప్పుడు. నజీహా ఊపిరి పీల్చిన చప్పుడు.

ఆ వెంటనే, జేబు దగ్గరికి వంగి చెప్పినంత దగ్గరగా, ఒక ఆడగొంతు...

"అరవకు, చెల్లీ."