నాలుగు జీబీ దగ్గర ఆగిన పెళ్ళి

"మా నాన్న పది రోజులై సరిగ్గా ముద్ద ముట్టట్లేదు. ఎవులి వల్ల? మీ వల్ల!"

వానలో తడుస్తూ మా స్టూడియోలోకి దూసుకొచ్చిన తనూజ నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది. కుశల ప్రశ్నలేమీ లేవు. చేతిలో పాలిథిన్ కవర్లో చుట్టిన పెట్టె ఏదో ఉంది. వెనకాల ఒక పెద్ద సంచీ, ఆ సంచీ వెనకాల ఆమె మేనమామ బైరాగి.

నేను యువరాజుని. పేరు చూసి రాజ్యాలు ఊహించుకోకండి. మాది కంచిలి దగ్గర కొబ్బరితోటల ఊరు. నా రాజ్యమల్లా కాశీబుగ్గలో ధర్మారావు గారి స్టూడియోలో ఒక కుర్చీ, ఒక కంప్యూటరు. పెళ్ళిళ్ళు తీస్తాను, మిక్సింగ్ చేస్తాను. నవంబరు మొదట్లో భావనపాడులో తనూజ అక్క గౌతమి పెళ్ళి తీసింది నేనే. ఆ రెండు రోజులూ తనూజ నన్ను తిట్టిన తిట్లకి వేరే ఆల్బమ్ వెయ్యాలి. "అడ్డు లెగండి" అని ఒకసారి, "మా మామ్మని తియ్యరేటి" అని ఒకసారి. ఆ తిట్ల కోసమే నేను అవసరం లేనిచోట కూడా అడ్డంగా నిలబడ్డానన్న సంగతి ఆమెకు తెలీదు.

"ఏటైందండీ?" అన్నాను.

"పెళ్ళి ఆగిపోయింది."

"గౌతమి గారి పెళ్ళా? అయిపోయి నెల దాటింది కదా!"

"మాకు అయిపోయింది. మా నాన్నకి అవ్వలేదు."

తనూజ వాళ్ళ నాన్న దాలయ్య గుజరాత్‌లో వెరావల్ రేవు నుంచి బోటు నడుపుతాడు. పెళ్ళికొడుకు జవాను. అతనికి ఉన్నట్టుండి పది రోజుల సెలవు దొరికితే ఆ రోజుల్లోనే పెళ్ళి చేసేశారు. అప్పటికే దాలయ్య బోటు వేటకి వెళ్ళిపోయింది. ఆయన ఒడ్డుకొచ్చేసరికి అల్లుడు తిరిగి డ్యూటీలో చేరిపోయాడు కూడా. అందుకని తనూజ పెళ్ళి డీవీడీ తయారుచేసి ఊరివాళ్ళ చేత పంపింది. బోటులో చిన్న టీవీ, డీవీడీ ప్లేయరు ఉంటాయి. ఒడ్డు దాటితే ఫోను పనిచెయ్యదు కాబట్టి వేట సాగే ఇరవై రోజులూ వాళ్ళకి ఆ డిస్కులే కాలక్షేపం.

"బోటంతా కూకుని సూసినారంట. అక్కని తెచ్చారు, జీలకర్రా బెల్లం ఎట్టారు, బావ తాళి పట్టుకుని లేసినాడు. అక్కడ బొమ్మ ఆగిపోయింది. ఎన్నిసార్లు ఏసినా అక్కడే. ముడి పడలేదు."

చివరి మాట అని ఆమె మేనమామ వైపు తిరిగింది.

బైరాగి అందుకున్నాడు. "నీటి మీద ఉన్నోళ్ళకి అది అపశకునం బాబూ. దాలయ్య బావ కంచం ముందు కూకుంటన్నాడు, లేసిపోతన్నాడు. నిన్న ఒడ్డుకొచ్చి ఫోన్ సేసి 'పెద్దపిల్ల బాగున్నాదా, నిజం సెప్పండి' అని పదిమాట్లు అడిగినాడు. శనివారం మళ్ళా బోటు బయలెల్లిపోద్ది. నాను ఇయ్యాళ రెండు గంటల బండికి వెరావల్ ఎల్తన్నాను. మంచి డిస్కు ఇత్తే అట్టుకెల్తాను. లేపోతే ఆ బెంగతోటే ఆడు మళ్ళా సముద్రం మీదకెల్తాడు."

గోడ గడియారం పదకొండు దాటింది.

"వాట్సాప్‌లో పంపితే..."

"నాన్నది బటన్ల ఫోను. పక్కోళ్ళ ఫోన్లో సూద్దామంటే కళ్ళు ఆనవు. ప్లేయరుకి పెన్‌డ్రైవు ఎట్టే సోటు ఉప్పుగాలికి తుప్పట్టిపోయింది. డిస్కే గావాల. ఇంకేటైనా అడుగుతారా?"

అడగనన్నట్టు తల ఊపాను.

ఇక తప్పెవరిది అన్న పంచాయితీ మొదలైంది. మా స్టూడియోలో డీవీడీ రైటరు పాడై ఏడాది అయింది. అందుకని పెళ్ళి మొత్తాన్ని డీవీడీ మీదకి ఎక్కించడానికి వీలుగా ఒకే ఇమేజ్ ఫైలుగా చేసి, తనూజ తెచ్చిన హార్డ్‌డిస్కులోకే నేరుగా రాసి ఇచ్చాను. టెక్కలిలో తను పనిచేసే నెట్ సెంటర్లో డిస్కు బర్న్ చేసుకున్నది తనూజే.

"బర్నింగ్‌లో తేడా వచ్చుంటాదండీ" అన్నాను.

"వెరిఫై కూడా పెట్టాను. సక్సెస్ అన్నాది. మీరిచ్చిందే తేడా."

"నేనిచ్చింది శుభ్రంగా ఉంది."

"అయితే సూసుకోండి!" హార్డ్‌డిస్కు టేబుల్ మీద పెట్టింది. పెట్టిందనడం మర్యాదకి.

కంప్యూటరుకి తగిలించి ఫైలు సైజు చూశాను. ఏడున్నర జీబీ ఉండాల్సిన పెళ్ళి నాలుగు జీబీ దగ్గర ఆగిపోయి ఉంది. ఆ డిస్కు ఫార్మాట్ ఏమిటా అని చూశాను. ఫ్యాట్ థర్టీటూ.

"ఇది ఎవరు ఫార్మాట్ చేశారండీ?"

"నేనే. మా మామ్మ టీవీ ఏ హార్డ్‌డిస్కు ఎట్టినా సదవదు. ఇలాగైతే సదువుతాదని నెట్‌లో సాఫ్ట్‌వేర్ దింపి మరీ సేసినాను. భజనలన్నీ అందులోనే సూత్తాది. అయినా అందులో మూడొందల జీబీ ఖాళీ ఉన్నాది కదా!"

"ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు. ఈ పద్ధతిలో ఫార్మాట్ చేస్తే ఒక్కో ఫైలూ నాలుగు జీబీ దాటకూడదు. గోడౌన్ సగం ఖాళీగా ఉన్నా జీడిపిక్కల బస్తా ఎనభై కేజీలు మించకూడదంటారు చూడండి, అలాగ. నా సాఫ్ట్‌వేరు నాలుగు దాకా రాసి ఆగిపోయింది. మీరు ఆ సగం ఫైలునే బర్న్ చేశారు. సగాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించారు కాబట్టి వెరిఫై సక్సెస్ అంది."

తనూజ ముఖం పాలిపోయింది. "అయితే మా నాన్నకి తిండి లేకుండా సేసింది నేనేనా?"

అక్కడ నోరు మూసుకుని ఉంటే పంచాయితీ నేను గెలిచినట్టే. కానీ ఆ కళ్ళలో నీళ్ళు చూశాక గెలవాలనిపించలేదు.

"నేను కూడా. ఆ రోజు 'డిస్క్ ఫుల్' అని ఒక బాక్సు వచ్చింది. మూడొందల జీబీ ఖాళీ కనిపిస్తుంటే ఫుల్లేటి, దీని మొహం అనుకుని ఓకే కొట్టేసి టీ తాగడానికి పోయాను. చివరిదాకా వేసి చూడలేదు. తప్పు నాదే ముందు."

తిట్లకి సిద్ధపడ్డాను. "నేనూ సివరిదాకా సూడలేదు" అంది నెమ్మదిగా.

"ఇద్దరూ కలిసే ముంచారన్నమాట!" అన్నాడు బైరాగి. "బాగుంది. ఇప్పుడు తేల్చేది ఎలాగో సెప్పండి."

"ఈ కంప్యూటర్ డిస్కు ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్. దీనికి ఆ నాలుగు జీబీ గొడవ లేదు. ఇమేజ్ ఇందులోనే చేసి, ఇక్కడ్నుంచే బర్న్ చెయ్యొచ్చు. రైటరు ఉంటే..."

తనూజ పాలిథిన్ కవరు విప్పింది. అందులో ఉన్నది రైటరే. "ఖాళీ డిస్కు మాత్రం ఒక్కటే ఉన్నాది. ఇంత పెద్ద పెళ్ళి పట్టేవి టెక్కల్లో లేవు, ఇక్కడి కొట్లలోనూ అడిగే వచ్చాను, లేవు." కాస్త ఆగింది. "అసలు ఒరిజినల్ ఉన్నాదా? నిన్న ధర్మారావు గారికి ఫోన్ సేత్తే నెల దాటినవన్నీ తీసేత్తామన్నారు."

నిజమే. మా ఓనరు గారి చట్టం అది. నేను ఒక ఫోల్డరు తెరిచాను. దాని పేరు 'యువరాజు టెన్త్ మార్కులు'. ఆ పేరుంటే ధర్మారావు గారే కాదు, మా అమ్మ కూడా తెరవదు. లోపల గౌతమి పెళ్ళి మొత్తం ఉంది.

తనూజ స్టూలు మీద కూలబడి గట్టిగా ఊపిరి వదిలింది. "ఉన్నాది మావా! ఉన్నాది!"

బైరాగి కళ్ళు చిట్లించి స్క్రీన్ చూశాడు. "టెన్త్ మార్కుల్లో పెళ్ళేటి బాబూ?"

"ఏదో సర్దాను లెండి" అని పనిలో తల దూర్చేశాను.

ఇమేజ్ తయారయ్యేసరికి పన్నెండు దాటింది. ముగ్గురం సైజు చూశాం. ఏడున్నర. ఈసారి డిస్క్ ఫుల్ అని ఎవరూ అనలేదు. ఉన్న ఒక్క డిస్కూ రైటర్లో పెట్టి బర్న్ నొక్కాను. పది శాతం, ముప్ఫై, యాభై. అరవై దగ్గర కరెంటు పోయింది.

యూపీఎస్ కీచుమంది. తనూజ చెయ్యి వచ్చి నా భుజం పట్టుకుంది.

మా యూపీఎస్ ముసలిది. పది నిమిషాలు లాగితే గొప్ప. బర్నింగ్‌కి ఇంకా అంతే కావాలి. మధ్యలో ఆగితే ఆ డిస్కు టీ గ్లాసు కింద పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు. చప్పున స్క్రీన్ ఆపేశాను.

"అదేటి, ఆపేసినారు?"

"స్క్రీన్ మాత్రమే. బ్యాటరీ కాస్త ఎక్కువ వస్తుంది."

ఎంతవరకు వచ్చిందో ఇక కనపడదు. బయట వాన, లోపల మసక వెలుతురు. రైటరు తిరుగుతున్న సన్నని చప్పుడు ఒక్కటే మాకు ఆధారం. భుజం మీది చెయ్యి ఇంకా తియ్యలేదు.

"ఒకటి అడుగుతాను, నిజం సెప్తావా?" అంది తనూజ. మీరు పోయి నువ్వు వచ్చింది. నాకు వినపడింది గానీ వినపడనట్టు కూర్చున్నాను.

"అడగండి."

"అందరివీ తీసేసినావు. మాది ఎందుకు తియ్యలేదు?"

"మర్చిపోయుంటాను."

"మర్సిపోయినోడు టెన్త్ మార్కుల్లో దాస్తాడేటి?"

"నానూ అదే అడుగుదామనుకుంటన్నాను" అన్నాడు బైరాగి గుమ్మం దగ్గర్నుంచి.

ఇంకో అబద్ధానికి నా దగ్గర సరుకు లేదు.

"అందులో నువ్వున్నావు" అన్నాను. "మామ్మని తియ్యలేదని నన్ను తిడుతున్న ముక్క ఒకటుంది. తీసేద్దామని కూర్చుని, ఆ ముక్క చూసి తియ్యలేకపోయాను. అడక్కుండా ఉంచుకోవడం తప్పే. తీసెయ్యమంటే నీ ఎదురుగానే తీసేస్తాను. నువ్వంటే నాకిష్టం తనూజా. అది మాత్రం తీసెయ్యడం నా వల్ల కాదు."

బైరాగి గుమ్మం వదిలి రెండడుగులు లోపలికి వేశాడు. ఇంతలో యూపీఎస్ గబగబా కూయడం మొదలెట్టింది.

"ఇదెందుకిలాగ అరుత్తంది?"

"అయిపోవస్తోంది."

రైటరు తలుపు టక్కున తెరుచుకుంది. ఆ వెనకే కంప్యూటరు ఆరిపోయింది. డిస్కు పూర్తయి బయటికొచ్చిందో, పాడై బయటికొచ్చిందో ఎవరికీ తెలీదు.

కరెంటు ఒంటిగంటకి వచ్చింది. స్టూడియోలో ఉన్న పాత ప్లేయర్లో డిస్కు వేశాను. "ముందుది వద్దు, తాళి దగ్గరికెల్లు" అంది తనూజ. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని లేచాడు. ఒక ముడి. రెండు. మూడు. అక్షింతలు జల్లుమన్నాయి. మామ్మ బోసినోటితో నవ్వింది.

"పడింది మావా! మూడూ పడ్డాయి!" అంటూనే తనూజ రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చేసింది. పొద్దుట్నుంచీ బిగపట్టిన ఏడుపంతా అప్పుడు వదిలింది. నా గుండె మీంచి కూడా ఎనభై కేజీల బస్తా దిగినట్టయింది.

బండికి టైము లేకపోయినా ఈసారి బుద్ధిగా, రిమోటుతో పరిగెత్తిస్తూ చివరి నిమిషం దాకా చూశాం. బైరాగి డిస్కుని తువ్వాల్లో చుట్టి సంచీలో బట్టల మధ్య పెట్టుకున్నాడు. ఆటో ఎక్కబోతూ నన్ను కింద నుంచి పైదాకా ఒకసారి కొలిచి చూసి, "పిల్లని టెక్కలి బస్సెక్కించు బాబూ" అన్నాడు.

ఇద్దరం మిగిలాం. నేను ఫోల్డరు మీద మౌస్ పెట్టి తనూజ వైపు చూశాను.

"తియ్యకు" అంది.

"ఉంచనా?"

"ఉంచు. పేరు మాత్రం మార్చు. ఇంతకీ టెన్త్‌లో నీకెన్నొచ్చాయి?"

"మూడొందల తొంభై."

"నాకు ఐదొందలు దాటాయి. మా నాన్న అడిగితే నీ మార్కులు సెప్పకు."

"మీ నాన్న నా మార్కులు ఎందుకు అడుగుతారు?"

"ఎందుకడుగుతాడో తెల్దేటి?" అని గొడుగు విప్పుకుని మెట్లు దిగిపోయింది. చెవులు ఎర్రబడటం మాత్రం గొడుగు దాచలేకపోయింది. నేను ఆ వానలో తల తడుపుకుంటూ బస్టాండు దాకా పక్కనే నడిచాను.

శనివారం పొద్దున్న తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. అవతల ఇంజను చప్పుడు.

"బాబూ, నాను దాలయ్యని, తనూజ నాన్నని. ముడి పడింది బాబూ! మూడూ లెక్కెట్టినాను. రాత్రి మావోళ్ళు మళ్ళా ఏయమంటే మళ్ళా ఏసినాం. రెండు కంచాలు అన్నం తిన్నాను."

"సంతోషమండీ" అన్నాను. కళ్ళు చెమర్చాయి.

"బైరాగి బండి దిగ్గానే అంతా సెప్పేసినాడు. నువ్వేటి దాసినావో, ఎందుకు దాసినావో."

చెమర్చిన కళ్ళు అక్కడే ఆరిపోయాయి. కుర్చీ పట్టుకున్నాను.

"తనూజని అడిగినాను. 'తప్పు సేత్తే ఒప్పుకునే మనిషి నాన్నా, నాకూ ఇష్టమే' అన్నాది. అంతకన్నా నాకేటి గావాల? వేసంకాలం వేట ఆపినాక ఇంటికొత్తాను. అప్పుడు మీ అమ్మనీ నాన్ననీ తోలుకుని మా ఇంటికి రా. ఒక్కటే మాట బాబూ. ఈ పెళ్ళి మాత్రం నానొచ్చినాకే. బొమ్మలో కాదు, ఎదర కూకుని సూత్తాను."

"అలాగే మావయ్యా" అనేశాను, అనుకోకుండా.

అవతల బోటు బోటంతా గొల్లున నవ్వింది. ఫోను స్పీకర్లో పెట్టి ఉందని నాకప్పుడు తెలిసింది.