అమ్మ గొంతు దాచిన కంప్యూటర్

పొద్దున్నే టీ కాచి, నిన్న ఆకుల్లో చుట్టి కాల్చిన లాప్‌లాప్ దుంపరొట్టె ముక్కలు పళ్లెంలో సర్ది, లేమారా కంప్యూటర్ తెరిచింది. బడికి వెళ్లేముందు అమ్మ చెప్పిన కథ ఒకటి విని రాసుకోవడం ఆమెకు అలవాటు. ఈ రోజు తెర మీద కథలు లేవు. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, అడిగినంత డబ్బు పంపితే తీస్తాం అని ఎర్రటి అక్షరాలు.

"నాన్నా! దీంట్లో ఎవరేం పెట్టారు?"

కల్సౌ టీ కప్పు కిందపెట్టాడు. పెరట్లో టారో దుంపలు చెక్కుతున్న అమ్మ నావోమి తలెత్తలేదు. ఆరు నెలల క్రితం గొంతు ఆపరేషన్‌తో ఆమెకు మాట పోయింది. అంతకుముందు నెల రోజులు పక్కన కూచుని, ఆమె పుట్టిన అంబ్రిమ్ దీవి కథలూ పాటలూ ముప్పై ఒకటి లేమారా రికార్డు చేసింది. ఆ భాష వచ్చినవాళ్లు ఈ ఎరాకోర్ ఊళ్లో ఇంకెవరూ లేరు.

లేమారా ఆ కథల రెండో కాపీ ఉన్న డిస్క్ తెరిచింది. దానికీ తాళమే.

"నేనే పెట్టానమ్మాయ్" అన్నాడు కల్సౌ. "నిన్న పక్కింటి సెలీనా పాట కావాలని పెన్‌డ్రైవ్ తెచ్చింది."

"బయటి పెన్‌డ్రైవ్ దేంట్లో తిరిగొచ్చిందో తెలీదు, నేను చూడకుండా పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను? వందసార్లు చెప్పానా లేదా?"

"అడగొచ్చిన మనిషిని ఉత్తచేతుల్తో పంపితే రేపు చర్చిలో మొహమెలా చూపించను?"

"మొహం! నీకు మొహమే కావాలి. దేవుడు అమ్మ మాట తీసుకున్నాడు, మిగిలింది కాస్తా నువ్వు తీసేశావు. ఇంకోసారి నీతో మాట్లాడను నాన్నా."

 

పెరట్లో కత్తి కిందపడిన చప్పుడైంది. నావోమి విసురుగా లోపలికొచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ చేత్తోనే తన గుండె మీద కొట్టుకుంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నేను, నేను, నేను.

"వదిలెయ్యవే" అన్నాడు కల్సౌ భార్యతో. "నిన్న నేను చేపలకెళ్లాను లేమారా. సెలీనా వచ్చేసరికి మీ అమ్మొక్కతే ఉంది. పిల్ల వచ్చేదాకా ఆగమని చెప్పడానికి నోరేది? రేపు నువ్వు తిడితే బదులు చెప్పుకోడానికి మాత్రం నోరేది? అందుకే నా మీదేసుకున్నాను."

లేమారాకి అప్పుడు గుర్తొచ్చింది. ఇంటర్నెట్ నత్తనడక నడుస్తోందని వైరస్ కాపలా ప్రోగ్రాం అప్‌డేట్‌ని నెల నుంచి ఆపింది తనే. రెండో డిస్క్‌ని వేరే పెట్టెలో దాచకుండా బద్ధకంతో కంప్యూటర్‌కే తగిలించి ఉంచిందీ తనే. దొంగకి ఇంటి తాళంచెవితో పాటు బీరువా తాళంచెవీ ఇచ్చి, అరిచింది మాత్రం నాన్న మీద.

"ఏ పాట ఇచ్చావమ్మా?"

నావోమి రెండు చేతులూ ఉయ్యాలలా ఊపింది. జోలపాట.

ముగ్గురూ సెలీనా ఇంటికి పరుగెత్తారు. ఆ పెన్‌డ్రైవ్ సెలీనా పాటల పెట్టెకి తగిలించి ఉంది. "బాగానే మోగుతోందిగా, ఏమైంది?" అంటూ ఆమె మీట నొక్కింది. సెలీనా పసివాడు పడుకున్న చాప పక్క నుంచి నావోమి గొంతు వచ్చింది. బొంగురుగా, నెమ్మదిగా, మధ్యలో చిన్న నవ్వుతో.

నావోమి చెయ్యి గొంతు మీదికి వెళ్లింది. పాటతో పాటు పెదవులు కదిలాయి.

"నువ్వు ఇచ్చావు కాబట్టి ఇదొక్కటన్నా మిగిలిందే" అన్నాడు కల్సౌ, భార్య భుజం పట్టుకుని.

"నాన్నా, తప్పు నాదే. నన్ను క్షమించు." లేమారా కళ్లు తుడుచుకుని ఆశగా తల్లి వైపు తిరిగింది. "అమ్మా, మిగతావి కూడా ఎవరికైనా ఇచ్చావా? బాగా గుర్తుతెచ్చుకో. ఒక్కటైనా?"

నావోమి గుమ్మం ముందు ఇసుకలో కూచుని వేలితో రాసింది.

"ఎవరూ అడగలేదు."

లేమారా ఆ ఇసుకలోనే తల్లి ఒళ్లో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.