రోజుకో చుట్టు

"ఆ పుల్ల మీద నుంచి చెయ్యి తియ్యి," అన్నాను.

"నా కాలు, నా పుల్ల. నీకేంది?" అంది మాలకొండమ్మ.

ఆస్పత్రి ముందు ఆగిన ఎద్దులబండిలో కూర్చుని ఉంది. కుడి చీలమండ వాచింది. పగిలిన పొక్కులోంచి పురుగు కొస తెల్లటి దారంలా బయటికి వచ్చింది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి తనే లాగుతోంది. నారికురుపు. పుల్లలచెరువు చుట్టుపక్కల దిగుడుబావి నీళ్లు తాగే ప్రతి ఊళ్లోనూ ఉన్న రోగమే.

"లాగితే లోపల తెగుతుంది. కాలంతా చీము పడుతుంది. కుంటుకుంటూ గొర్రెలు కాస్తావా?"

"కాస్తా. నీ మాదిరి కూర్చోని సీసాలు కడగను."

బండి తోలుకొచ్చిన వాళ్ల నాయన అంకయ్య నవ్వు ఆపుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా తడిగుడ్డతో తుడిచి, పురుగును పుల్లకు ఒక్క చుట్టు చుట్టి కట్టు కట్టాను.

"మొదట చుట్టిన చెయ్యే కడదాకా చుట్టాల," అంది బండిలో ఉన్న వాళ్ల అవ్వ రంగమ్మ. "చెయ్యి మారితే పురుగు తెగుతది."

అది ఉత్త మాటని నాకు తెలుసు. మాలకొండమ్మ మొహం చూసి నోరు మూసుకున్నాను.

అది పందొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం ఎండాకాలం. డాక్టరుగారు మార్కాపురం నుంచి పదిహేను రోజులకోసారి వచ్చేవారు. మిగతా రోజుల్లో చలిజ్వరానికి క్వినైను, గజ్జికి గంధకం మలాం, కళ్లకలకకు చుక్కలు, అన్నీ ఈ కాంపౌండరు పేతురే ఇవ్వాలి. మాదిగపల్లెలో పుట్టి, బడి మధ్యలో మానేసి, మిషను ఆస్పత్రిలో పని నేర్చినవాణ్ణి. మందు తాగేటప్పుడు నా కులం ఎవరికీ గుర్తుండదు. జబ్బు తగ్గాక గుర్తొస్తుంది.

రోజూ సాయంత్రం రెండు మైళ్లు నడిచి వాళ్లింటికి పోయి, పురుగును ఇంకో చుట్టు చుట్టి వచ్చేవాణ్ణి.

"ఇంకా ఎంత పొడుగుంటది ఆ పురుగు?"

"నీ నాలికంత."

"అయితే దసరా దాకా తిరగాల నువ్వు."

ఒకరోజు ఉన్నట్టుండి వాన దిగింది. ఆమె చూరు కింద కాస్త పక్కకు జరిగింది. "కూర్చో. నీకు జ్వరమొస్తే మందెవరిస్తారు?" అని, నేను చూసేసరికి వానను చూస్తున్నట్టు మొహం తిప్పుకుంది.

పదకొండో రోజు వాకిట్లో ఊరిపెద్ద వెంకటసుబ్బయ్య కూర్చుని ఉన్నాడు.

"అంకయ్యా, పెండ్లీడు పిల్ల కాలు వీడు పట్టుకునేదేంది? రేపట్నుంచి మంగలి చెంచయ్య చుడతాడు."

"చెయ్యి మారితే తెగుతది," అని మొత్తుకుంది రంగమ్మ.

మాలకొండమ్మ నా వైపు తిరిగింది. "నిజం చెప్పు. తెగుతదా?"

ఔనంటే చాలు, ఇంకో పది రోజులు రావచ్చు. ఆ కళ్లలోకి చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను.

"తెగదు. లాగకుండా ఉంటే ఎవరు చుట్టినా ఒకటే."

"విన్నావు గదా," అన్నాడు వెంకటసుబ్బయ్య.

"విన్నా, పెద్దనాయనా. ఎవరు చుట్టినా ఒకటేనంట. అయితే ఇతనే చుట్టాలని నేను చెప్తాండా." కాలు నా ముందుకు చాపింది. "చుట్టు, పేతురూ."

పుల్లను ఒక్క చుట్టు తిప్పాను. వెంకటసుబ్బయ్య లేచి నిలబడ్డాడు.

"నిన్ను వెలేస్తాం, అంకయ్యా."

"కురుపు కాళ్లతో ఆ బావిలో దిగినోళ్లంతా మనోళ్లే, అన్నా," అన్నాడు అంకయ్య. "వాళ్ల కాళ్లు కడిగిన నీళ్లు తాగి నా బిడ్డ మంచాన పడింది. ఈ పిల్లోడు లేపుతాండాడు. నువ్వు వెలేసుకో."

ఇరవై రెండో రోజు పురుగు తెగకుండా మొత్తం బయటికి వచ్చింది. "ఇంక నేను రానక్కర్లేదు," అన్నాను. ఆమె కాలు వెనక్కి తీసుకుంది. రెండు మైళ్లూ తల వంచుకుని నడిచాను.

వారం తర్వాత పొద్దున్నే ఆస్పత్రి రిజిస్టరు తెరిచేసరికి గడప మీద నీడ పడింది. బండి లేదు. చంకలో గుడ్డల మూట. వెనక, భుజాన గొర్రెపిల్లతో అంకయ్య.

"రాయి. మాలకొండమ్మ, పంతొమ్మిదేండ్లు."

"రోగం?"

"ఏమీ లేదు. నడిచొచ్చిందని రాయి. తిరిగి పోదని రాయి."

"గొర్రెపిల్లను ఏడ కట్టెయ్యాల?" అన్నాడు అంకయ్య.

డాక్టరుగారు వచ్చినప్పుడు రోగం గడిలో నేను రాసిన 'తిరిగి పోదు' మీద వేలు పెట్టారు. "ఇదేం జబ్బయ్యా? కొట్టెయ్."

లోపల మాలకొండమ్మ గుడ్డ మడతలు పెట్టి తాగే నీళ్లు వడపోస్తోంది. కలం పక్కన పెట్టేశాను. కొట్టెయ్యలేదు.