ఆకుపచ్చ చేరని చోటు

"స్టేప్లర్," అన్నాడు సర్జన్.

పేగు కోసి కలిపే ఆ పరికరాన్ని నర్సు ఇవ్వలేదు. "లైట్ వేసి చూడలేదు సార్."

"నా కళ్ళు చాలు."

"మీకు చాలుతాయి. పేషెంటుకి చాలొద్దూ?"

మత్తు డాక్టర్ మాస్కులోనే నవ్వి, సెలైన్ గొట్టంలోకి రంగుమందు ఎక్కించింది. గదిలో దీపాలు తగ్గించారు. నలభై సెకన్లకు తెర మీద పెద్దపేగు ఆకుపచ్చగా వెలిగింది. రక్తం అందే చోటే ఆ వెలుగు వస్తుంది. కోతకు గుర్తుగా సర్జన్ దారం కట్టిన చోటికి రెండు వేళ్ళ ముందే అది ఆగిపోయింది. అక్కడ కోసి కలిపి ఉంటే, రక్తం అందక నాలుగైదు రోజుల్లో అతుకు విడిపోయేది.

అతను దారం విప్పి రెండు వేళ్ళ పైన కట్టాడు.

మూడో రోజు హెడ్ నర్సు ఆ నర్సును పిలిచింది. "నిన్ను వేరే థియేటర్‌కి మార్చమని సర్జన్ గారు లెటర్ ఇచ్చారే. ఏం చేశావు?"

"తప్పు చూపించానక్కా."

ఆ థియేటర్‌లో ఆమెకు ఆరేళ్ళు. ఆ లైట్ మిషన్ మీద పని నేర్చుకున్న నర్సు ఆమె ఒక్కతే. ఆలోచించినకొద్దీ అన్నీ అనుమానంగానే కనిపించాయి. రెండు నెలలుగా సర్జన్ ఆమెను సిస్టర్ అనడం లేదు. ఆమె డ్యూటీ చార్టును ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఆమె సెలవులెప్పుడో కూడా ఆరా తీశాడట. తన మీద ఫైలు తయారు చేస్తున్నాడనుకుంది.

చేతులు కడుక్కునే చోట అతన్ని పట్టుకుంది.

"తప్పు చూపిస్తే పంపించేస్తారా?"

"అయ్యో, అందుకు కాదండీ."

"మరెందుకు?"

అతను మోచేతి దాకా సబ్బు రుద్దాడు. రుద్దిన చెయ్యే మళ్ళీ రుద్దాడు.

"ఇక్కడ భార్యాభర్తల్ని ఒకే థియేటర్‌లో వెయ్యరట."

"ఎవరి భార్య? ఎవరి భర్త?"

"అంటే... మీరు ఒప్పుకుంటే."

పక్కనున్న మత్తు డాక్టర్ బాగా వినపడాలని కుళాయి కట్టేసింది.

"నన్నడక్కుండానే లెటర్ ఇచ్చేశారా?"

"అది తేలితే ధైర్యంగా అడగొచ్చని..."

"ఇంకేం తేల్చేశారు? పిల్లల స్కూలు కూడానా?"

"లేదండీ. మీకూ ఇష్టమేనన్న నా అంచనా తప్పయితే చెప్పండి."

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. నటన అయితే ఎరుపు అంతదాకా పాకదనుకుంది ఆమె.

"అంచనా తప్పు కాదు. లెటర్ తప్పు. మారాల్సింది మీరు. అది వెనక్కి తీసుకుని మీ పేరు రాసివ్వండి."

"మరి నాకు లైట్ మిషన్?"

"దానికి చక్రాలున్నాయి. పంపిస్తాను."

మధ్యాహ్నానికి అతను కొత్త లెటర్ కాపీ తెచ్చాడు. ఆమె రెండుసార్లు చదివింది. ఆఫీసు ముద్ర ఉందో లేదో చూసింది.

"ఆదివారం ఇంటికి రండి," అంది. "మా అమ్మ నాకంటే అనుమానం మనిషి. కాస్త తీరిక చేసుకుని రండి."