ఐదో గడి, ఆరో గడి

"ఏనుగు అంబారీ బొమ్మ ఉందాండీ?" అని అడిగింది దుర్గ.

గవర్నరుపేటలోని ఆ జిరాక్సు షాపులో బొమ్మలు అమ్మరు. కౌంటరు వెనక కూర్చున్న మదార్ సాహెబ్ కళ్లజోడు పైకి తోసుకుని, "తొండం విరిగిందమ్మా, అతికిస్తున్నారు" అన్నాడు. కోడ్ సరిపోయింది. ఆయన షట్టరు సగానికి దించి, కాగితాల కట్టలు పేర్చిన వెనక గదిలోకి నడిచాడు. దుర్గ వెంట వెళ్లింది.

2007 మే నెల, శుక్రవారం, ఉదయం పదకొండు. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ. లోపల ఫ్యాను ఉంది గాని అది సర్కారు ఇచ్చిన ఫ్యాను.

దుర్గకు ముప్ఫై నాలుగేళ్లు. నాగాయలంక దగ్గర సముద్రం మీద వేటకెళ్లే ఇంట్లో పుట్టింది. ఇరుగుపొరుగుకీ, కట్టుకున్నవాడికీ ఆమె ఇన్సూరెన్స్ ఏజెంటు. ఏజెంటన్న మాటలో అబద్ధం లేదు గనుక ఆమెకు పెద్దగా మనస్తాపం లేదు. పేరులేని ఒక డిపార్టుమెంటు రికార్డుల్లో మాత్రం ఆమె కె-17. మదార్ సాహెబ్ ఆమె చీఫ్.

ఆయన బల్ల మీద ఒక ఫొటో పెట్టాడు. పొట్టి జుట్టు, పట్టుచీర, చేతుల్లేని జాకెట్టు. ఎవరి పెళ్లికెళ్లినా పెళ్లికూతుర్ని మరిపించే మొహం.

"పేరు రామతులసి. సింగపూర్‌లో ప్రోగ్రామరు. మూడేళ్లుగా మనకి సమాచారం అమ్ముతోంది. మన సమాచారం అవతలివాళ్లకీ అమ్ముతోందని మొన్ననే తెలిసింది."

"డబుల్ ఏజెంటు."

"డబుల్. సముద్రం అవతలి ముఠా ఒకటి ఆయుధాల పడవని మన తీరానికి పంపుతోంది. రేపు సాయంత్రం, చీకటి పడకముందే. మన గస్తీ పడవలు ఎక్కడుంటాయో ఈమె వాళ్లకి చెప్పాలి. ఈ ఊళ్లో ఆమెకి సాయం చేస్తున్నవాడు వీడు."

ఆయన ఒక లావుపాటి కట్ట ముందుకు తోశాడు. ఆర్నెల్ల ఈమెయిల్ ప్రింట్లు. మొత్తం రెండువందల పన్నెండు. పై కాగితం మీద పేరుని దుర్గ రెండుసార్లు చదివింది.

చిట్టిబాబు. ఆమె మొగుడు.

"వెధవ కాదమ్మా, మంచివాడు. అదే వచ్చిన చిక్కు" అన్నాడు మదార్ సాహెబ్, ఆమె మొహం చూడకుండా.

చిట్టిబాబు ఏలూరు రోడ్డులో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామరు. అతను రాసిన లైబ్రరీ పేరు 'గంప'. కంప్యూటర్లో ఉన్న సమాచారాన్ని నంబర్లేసిన గడుల్లో సర్ది, చిన్న మూటగా కట్టి పంపితే, అవతలి కంప్యూటర్ ఆ మూట విప్పుకుంటుంది. చేపలు గంపకెత్తే ఇంట్లో పుట్టినవాడు గనుక ఆ పేరు పెట్టాడు. దాన్ని ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టి, వాడుకునేవాళ్లకి ఇబ్బందొస్తే మెయిల్లో జవాబులిస్తాడు. గస్తీ పడవలు తమ జాడల్ని రేడియోలో పంపేది కూడా ఈ గంపతోనే; ఆ ఏర్పాటు చేసిచ్చింది చిట్టిబాబు కంపెనీయే.

"ఆ మూటల్ని ముఠా గాల్లోంచి ఎప్పుడో పట్టేసింది. కానీ ఏ గడిలో ఏముందో చెప్పే పట్టిక లేదు. అది లేకపోతే అవి ఒట్టి అంకెలు. చివరి రెండు ఉత్తరాలు చూడు" అన్నాడు చీఫ్.

రెండువందల పదకొండు, రామతులసిది: "మీ దగ్గర పనిచేస్తున్న పట్టిక ఒక్కటి చూపిస్తే నా తప్పేంటో నాకే తెలుస్తుందండీ. శనివారం విజయవాడ వస్తున్నాను." రెండువందల పన్నెండు, చిట్టిబాబుది: "తప్పకుండా అండీ. పెన్ డ్రైవ్‌లో తెస్తాను. పట్టికలో రహస్యమేముంది, గడుల పేర్లేగా."

"పనిచేసే నమూనా చూడకుండా ఏ ప్రోగ్రామరూ తప్పు పట్టలేడట. అందుకని ఒకరికొకరు పంపుకోవడం వాళ్ల ఆచారం. మర్యాద" అన్నాడు మదార్ సాహెబ్. "ఇప్పుడే ఆమెని పట్టుకుంటే పడవ రాదు. పట్టిక ఆమె చేతికెళ్తే ఆయుధాలు తీరంలో దిగిపోతాయి, మీ ఆయన పేరు ద్రోహుల ఫైల్లోకి ఎక్కుతుంది. పదేళ్లు తక్కువ కాదు. సాయంత్రం ఐదుకి నేను ఢిల్లీకి చెప్పాలి. ఈలోగా ఏదైనా దారి చూపించు."

దుర్గ చదవడం మొదలుపెట్టింది.

ఏజెంటుగా చదవాలనే కూర్చుంది. పదో ఉత్తరం దగ్గర ఏజెంటు లేచి వెళ్లిపోయింది, పెళ్లాం మిగిలింది. ఇంట్లో చిట్టిబాబు మాట్లాడేది మూడు మాటలు: ఊఁ, సరే, కూర బాగుంది. కూర బాగోకపోయినా బాగుందనే అంటాడు. ఇక్కడ చూస్తే ఒక్కో జవాబు నలభై లైన్లు. "మీ ప్రశ్న చాలా లోతుగా ఉందండీ." "మీరేం కంగారు పడకండి, మొదటినుంచీ చూద్దాం." పన్నెండేళ్ల కాపురంలో దుర్గతో అతను ఏదీ మొదటినుంచీ చూసిన పాపాన పోలేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ముప్ఫై ఒకటో ఉత్తరం దగ్గర ఆమె వేలు ఆగింది. రామతులసి అడిగిన సందేహంలోనే జవాబు సగం ఉంది. ఇది తెలియక అడిగిన ప్రశ్న కాదు. తెలిసి అడిగింది. దుర్గకి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1995లో ట్రైనీగా ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మీద నిఘాకి వెళ్లి, అక్కడ పాఠాలు చెప్పే బక్కపలచటి చిట్టిబాబుని, "ఫ్లాపీ ఏ వైపు పెట్టాలండీ?" అని మూడు రోజులు వరసగా అడిగింది తనే. తన ఎత్తు. దాన్ని ఇంకొకతె వాడింది, పైగా తనకంటే బాగా వాడింది. దుర్గకి దేశం మీద జరిగిన కుట్ర కంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

ఎనభై ఏడో ఉత్తరం ఇంకా అన్యాయం.

"రెండు గడులూ ఒకే రకమైతే నంబర్లు తారుమారైనా గంప అరవదండీ, తప్పు చూపించదు. అదే ప్రమాదం. మా ఇంట్లో ఉప్పు డబ్బా, పంచదార డబ్బా ఒక్కలాగే ఉంటాయి. ఒకసారి మా ఆవిడ మూతలు మార్చేసి కాఫీలో ఉప్పు వేసింది. డబ్బాలు ఏమన్నా అరిచాయా? తాగినవాడికే తెలుస్తుంది."

తన వంటిల్లు. తన డబ్బాలు. తన కాఫీ. అన్నీ సింగపూర్ వెళ్లిపోయాయి. దుర్గ ఆ కాగితాన్ని నలిపి, మళ్లీ సాపు చేసి, మళ్లీ చదివింది. ఈసారి చదివింది ఏజెంటు.

"సార్, గస్తీ పడవ పంపే మూటలో ఏమేం ఉంటాయి?"

"పడవ నంబరు, టైము, అవీ ఇవీ. ఐదో గడిలో ఇప్పుడున్న చోటు. ఆరో గడిలో గంట తర్వాత ఉండబోయే చోటు."

"రెండూ చోట్లే. ఒకే రకం" అంది దుర్గ. "పట్టిక ఇచ్చేద్దాం సార్. మూతలు మార్చి ఇద్దాం."

మదార్ సాహెబ్ కాసేపు ఫ్యాను వంక చూశాడు. "అంటే మన గస్తీ పడవ వదిలి వెళ్లిందని వాళ్లనుకునే చోటికే అది వస్తూ ఉంటుంది" అన్నాడు నెమ్మదిగా. "ఇది ఎవరు నేర్పారు నీకు?"

"మా ఆయన. నాకు కాదు."

శనివారం ఉదయం చిట్టిబాబు స్నానానికి వెళ్లిన పది నిమిషాల్లో పెన్ డ్రైవ్‌లో ఐదు ఆరయింది, ఆరు ఐదయింది. అతను చొక్కా వేసుకుంటుంటే దుర్గ ఒక కొండపల్లి బొమ్మ చేతికిచ్చింది. బిందె ఎత్తుకున్న అమ్మాయి. బిందెలో డిపార్టుమెంటు మైకు.

"ఊళ్లోకి వచ్చిన మనిషికి ఉత్త చేతుల్తో ఎదురెళ్తారా? ఇది ఇవ్వండి."

చిట్టిబాబు బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరే" అన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి బందరు రోడ్డులోని ఒక హోటల్ కాఫీ షాపులో రామతులసి ల్యాప్‌టాప్ తెరిచింది. నాలుగు బల్లల అవతల ఊదారంగు యూనిఫాం చీర, మొహం సగం కప్పిన కొంగు, చేతిలో నేల తుడిచే కర్రతో ఒక పనిమనిషి నిలబడింది. చెవిలో ఇయర్‌ఫోన్. తుడిచిన చోటే తుడుస్తోంది.

"అబ్బ, ఎంత బాగుందో బొమ్మ. మీరు బాగా మొహమాటస్తులండీ" అంటోంది రామతులసి. దుర్గ కర్రని గట్టిగా పట్టుకుంది. ఫొటోలో కంటే మనిషి ఇంకా బాగుంది, అది మరీ అన్యాయం.

పెన్ డ్రైవ్ ఎక్కింది. రామతులసి తన దగ్గరున్న మూటని పట్టికతో విప్పింది. ఒక్క తప్పూ చూపించకుండా వరసగా విచ్చుకుంది. ఆమె కళ్లు మెరిశాయి. పట్టికని ఒక మెయిల్‌కి తగిలించింది.

అప్పుడు చిట్టిబాబు స్క్రీన్ మీదికి వంగాడు. "ఆగండాగండి. ఇదేదో తేడాగా ఉంది. ఐదో గడి..."

దుర్గ కర్ర వదిలేసింది. నాలుగు బల్లలు ఎలా దాటిందో ఆమెకే తెలియదు.

"ఏవండీ, ఇదా మీ ఆఫీసు?"

చిట్టిబాబు తలెత్తి, యూనిఫాం చీరలో ఉన్న పెళ్లాన్ని చూసి నోరు తెరిచాడు. "దుర్గా, నువ్వేంటి ఈ వేషం?"

"మిమ్మల్ని పట్టుకోడానికే. ఈవిడకి నలభై లైన్లు రాస్తారా? నాతో నాలుగు మాటలు మాట్లాడ్డానికి నోరు రాదా? ఇంట్లో కాఫీ గురించి కూడా చెప్పుకుంటారా మీరు ఊరందరికీ?" ఆమె నటిద్దామనే మొదలుపెట్టింది గాని, రెండో మాట నుంచే నటన అవసరం లేకపోయింది. కళ్లలోంచి నీళ్లు వాటంతటవే కారాయి. "నేను మాత్రం ఏమడిగాను మిమ్మల్ని, పన్నెండేళ్లలో?"

కాఫీ షాపంతా ఇటే చూస్తోంది. రామతులసి జాలిగా నవ్వింది. మొగుడి మీద అనుమానంతో వేషాలేసుకు తిరిగే ఒక పల్లెటూరి ఇల్లాలు, అంతే. ఆ నవ్వు నవ్వుతూనే 'సెండ్' నొక్కి, ల్యాప్‌టాప్ మూసి, బొమ్మని బ్యాగులో జాగ్రత్తగా పెట్టుకుంది. "నేను వెళ్తానండీ. మీరు మాట్లాడుకోండి."

కృష్ణలంకలో ఇంటి దగ్గర ఆటో దిగేసరికి నాలుగున్నర. చిట్టిబాబు చెప్పులు విప్పి తిన్నగా కంప్యూటర్ దగ్గరికి నడిచాడు.

"ఎక్కడికి?"

"ఆ పట్టికలో ఐదూ ఆరూ తారుమారయ్యాయి దుర్గా. ఆవిడకి మెయిల్ పెట్టి చెప్పాలి. తప్పు తెలిసి ఊరుకోకూడదు."

పడవ తీరం చేరడానికి ఇంకా రెండు గంటలుంది. ఈ ఒక్క ఉత్తరంతో అతను తన మెడకి తనే ఉరి బిగించుకుంటాడు. మోడెం వైరు పీకితే మళ్లీ పెడతాడు. నిజం చెబితే ఉద్యోగంలో చేసిన ప్రమాణం తప్పినట్టవుతుంది. ఆమె దగ్గర మిగిలింది ఒక్కటే ఎత్తు, అదీ పాతది.

"అసలు గంపంటే ఏంటండీ? నాకెప్పుడూ చెప్పలేదు" అంది.

చిట్టిబాబు ఆగాడు. ఆమె ఏడ్చి ఎర్రబడిన మొహం చూశాడు. కంప్యూటర్ వదిలి వంటింట్లోకి వెళ్లి డబ్బాలు తెచ్చి నేల మీద వరసగా పెట్టాడు. "రా, కూర్చో. మొదటినుంచీ చూద్దాం" అన్నాడు.

రెండు గంటలు చెప్పాడు. మూట ఎందుకు కట్టాలో, గడికి పేరు కాక నంబరెందుకో, తనకి తెలియని గడి వస్తే గంప దాన్ని ఎలా దాటుకుని పోతుందో. దుర్గ ప్రశ్న మీద ప్రశ్న అడిగింది. మధ్యలో గడియారం చూడటం మరిచిపోయింది కూడా.

"ఇప్పుడు ఈ రెండు డబ్బాలూ చూడు. ఒకసారి నువ్వు కాఫీలో..."

"తెలుసు. ఎనభై ఏడో ఉత్తరం" అని నాలుక కరుచుకుంది.

అతను డబ్బా కింద పెట్టాడు. ఆమె ఫోన్‌లో మెసేజ్ మోగింది: "అంబారీ దొరికింది. పడవలో పదకొండు మంది. బిందె అమ్మాయి రైల్వే స్టేషన్లో, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద." రామతులసి బొమ్మని వదల్లేక వెంట తీసుకెళ్లింది. దాని సిగ్నల్ పట్టుకునే డిపార్టుమెంటు వెళ్లి ఆమెని పట్టుకుంది.

"కొండపల్లి బొమ్మంటే తేలికపాటి పొణికి కర్ర, అంత బరువుండదు దుర్గా" అన్నాడు చిట్టిబాబు మెల్లగా. "ఆవిడ స్క్రీన్ మీద చూశాను, ఫైలు మారింది ఏడుంబావుకి. అప్పుడు నేను స్నానంలో ఉన్నాను. ఇన్సూరెన్స్ వాళ్లకి ఇవన్నీ ఎందుకో నేనడగను. ఇప్పుడు నువ్వడిగిన ప్రశ్నలకి జవాబులు నీకు ముందే తెలుసు. ఆ రోజుల్లో ఫ్లాపీ ఏ వైపు పెట్టాలో కూడా తెలుసు."

"అప్పుడే తెలుసా మీకు?"

"మొదటి రోజే."

దుర్గకి సంతోషం కంటే ముందు అనుమానం వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది. "మరి ఆవిడా తెలిసే అడిగిందిగా, ఆర్నెల్లు. అది తెలియలేదా?"

చిట్టిబాబు నిజంగానే ఆలోచించాడు. "లేదు" అన్నాడు. "ఆవిణ్ణి అంతగా ఎప్పుడు గమనించాను?"

సోమవారం మదార్ సాహెబ్ షాపులో దుర్గ మిషన్ రిపోర్టు ఫారం నింపింది. ప్రోగ్రామరు నిర్దోషి, అతని మర్యాదే అతని నేరం అని రాసింది. చివరి గడిలో 'ఈ పథకానికి ప్రేరణ' అని ఉంది. ఆమె కాసేపు కలం పట్టుకుని కూర్చుని, 'దేశభక్తి' అని రాసి సంతకం పెట్టింది.

ఫారం ఏమీ అరవలేదు.