మూడో రాయి మోసేవాళ్ళు

ముందు మీరు చూసింది చెప్పండి. చీకటి పడ్డాక, మంచులో, మిల్లు దారిన వచ్చారు కదా. మూడో రాయి దగ్గర ఎర్రటి వెలుగు కదిలిందా, లేదా? కాపలావాడి లాంతరని మాత్రం అనకండి. ఆ దారిలో మా ఊరివాళ్ళెవరూ దీపం పట్టుకుని నడవరు.

ఎందుకో వినండి.

ప్రష్యావాళ్ళు గెలిచిన ఏడు, మా ఊళ్ళో ఒక్క పూట కూడా ఉండని దొరలు పటం పరిచి, ఊరి మధ్యనుంచి గీత గీశారు. చర్చి ఫ్రాన్సుకి, శ్మశానం జర్మనీ కైజరుకి! గీత వెంట రాళ్ళు పాతారు. అవతల పడ్డ ఇంటి కుర్రాళ్ళు కైజరు పటాలంలోకి పోవాల్సిందే.

బాస్తియాన్ ఇల్లు అవతల పడింది. కొడుక్కి పటాలం వయసు. కొలతలవాళ్ళు ఆఖరిసారి రాకముందే మూడో రాయి పెకలించి, ఎద్దుల బండి మీద తెచ్చి, తన ఇల్లు ఫ్రాన్సులోకి వచ్చేలా పాతాడు. లెక్క సరిపోవడానికి కొలతలవాళ్ళు నాలుగో రాయిని ఇటు జరిపారు. దాంతో పక్కింటి బార్బ్ ఇల్లు అటు పోయింది. ఆమె తమ్ముడు పటాలానికి వెళ్ళి, బారకాసులోనే జ్వరంతో పోయాడు.

సరిహద్దు రాయి కింద, దాని అసలు చోటు తెలిసేలా, ఒకే మట్టి పెంకుని విరిచి ముక్కలు పాతడం మా ఆనవాయితీ. వాటిని సాక్షులంటాం. బాస్తియాన్ రాయి తెచ్చాడు గానీ... కంగారులో సాక్షుల్ని అక్కడే వదిలేశాడు.

చచ్చాక మొదలైంది. నిప్పులా కాలే రాయి భుజాన పెట్టుకుని, ఎదురైనవాళ్ళని అడిగేవాడు — "ఎక్కడ పెట్టను?"

జవాబు ఊరందరికీ తెలుసు. 'తీసినచోటే పెట్టు.' అంటే అతనికి విముక్తి. తెల్లారేసరికి రాయి పాత చోటికి పోతుంది, ఇల్లు మళ్ళీ కైజరు వైపు పడుతుంది. కానీ ఆ మాట అతని రక్తంవాళ్ళే అనాలి.

మిగిలింది మనవరాలు అపొలీన్. ఆమె కొడుకు లూసియాన్‌కి అప్పుడే పద్దెనిమిది నిండాయి.

ఆ నవంబరులో అపొలీన్ ఊరి ఆడవాళ్ళతో కలిసి అక్రోట్లు ఒలవడానికి బార్బ్ ఇంటికి వెళ్ళింది. ముసల్ది సుత్తి ఆపకుండానే అంది — "మీ తాత నిన్న నా కిటికీ దగ్గర నిలబడ్డాడమ్మాయ్. కాఫీకి రమ్మంటే చేతులు ఖాళీ లేవట."

ఆడవాళ్ళు నవ్వారు. బార్బ్ నవ్వలేదు.

తిరిగొస్తుంటే మంచు దట్టంగా కమ్మింది. ముందు కమురు వాసన... తర్వాత ఎర్రటి వెలుగు... తర్వాత తాత దగ్గు. చిన్నప్పుడు తనని ఎక్కించుకుని సంతకి తీసుకెళ్ళిన భుజమే. పొగలు కక్కుతోంది.

"ఎక్కడ పెట్టను?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. లూసియాన్ కళ్ళ ముందు మెదిలాడు. నోరు నొక్కుకుంది.

"అపొలీన్... ఎక్కడ పెట్టను?"

"నాకు తెలియదు తాతా."

అతను రాయిని భుజం మీద సర్దుకుని వెనుదిరిగాడు. తర్వాత వెలుగు ఆరిపోయింది.

పొద్దున తలుపు తీస్తే గడప మీద తడి మట్టితో పెంకు ముక్కలు. ఒకదానికొకటి అతికినట్టు పేర్చి ఉన్నాయి.

అది బార్బ్ పనే అన్నారు కొందరు. నడుం వంగిన ముసల్ది అంత లోతు తవ్విందా?

రెండేళ్ళకి యుద్ధం వచ్చింది. లూసియాన్‌ని ఫ్రాన్సే తీసుకుపోయింది. తిరిగి రాలేదు. యుద్ధమయ్యాక గీతే చెరిపేశారు. ఆ గీత కోసమే కదండీ ఇన్ని ప్రాణాలు! ఆ చలికాలమే అపొలీన్ కూడా పోయింది.

రాయి పెట్టడానికిప్పుడు గీత లేదు. జవాబు చెప్పడానికి ఆ ఇంట్లో మనిషీ లేడు. అందుకే దారినపోయేవాళ్ళందర్నీ అడుగుతోంది.

అవును, అడుగుతోంది. బాస్తియాన్ పొడుగు మనిషి, అపొలీన్ పొట్టి. మీరు చూసిన మనిషి పొట్టిగా, తలకి గుడ్డ కట్టుకుని ఉంది కదూ? అడిగింది ఆడగొంతే కదూ?

మరి మీరేం చెప్పి వచ్చారు?